ఆట మధ్యలో ఆగిపోయే పీసీ: ముందు ఏది ఆగిందో చూడండి

రోజంతా ఆగిపోయే కంప్యూటర్‌ని బాగుచేయడం పెద్ద పని కాదు. వారానికి రెండుసార్లు, అదీ ఆట మంచి రసపట్టులో ఉండగా బిగుసుకుపోయి, రీస్టార్ట్ చేయగానే ఏమీ ఎరగనట్టు నడిచేదాన్ని పట్టుకోవడమే కష్టం. విశాఖ ద్వారకానగర్‌లో ఏదో షాపుకి తీసుకెళ్తే అక్కడ గంటసేపు గేమ్ పెట్టినా ఆగదు. "ఏం లేదు గురూ, ఓసారి ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. ఫార్మాట్ అయ్యాక రెండు రోజులు బాగుంటుంది, మూడో రోజు మళ్లీ మొదలు. ఆ తర్వాత ర్యామ్ మారుతుంది, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు అందించే డబ్బా) మారుతుంది, చివరికి గ్రాఫిక్స్ కార్డు మీదికి అనుమానం పోతుంది. ఇంత ఖర్చయ్యాక కూడా అసలు దోషం గోడ ప్లగ్గులోనో, ర్యామ్ స్లాట్‌లో చేరిన ఉప్పు తేమలోనో అలాగే ఉండిపోవచ్చు.

షాపులో ఎందుకు ఆగదో ఆలోచిస్తే సగం సంగతి తేలిపోతుంది. అక్కడ ఏసీ ఉంటుంది. మీ ఇంటి కరెంటు ఉండదు. మీ మానిటర్, యూఎస్‌బీ సామాను, వైఫై ఏవీ ఉండవు. దారిలో బండి కుదుపులకి వదులుగా ఉన్న ర్యామ్ తిరిగి సర్దుకుని ఉండొచ్చు కూడా. కాబట్టి వెతుకులాట ఇంట్లో, అది ఆగే చోటే మొదలుపెట్టాలి. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు, డబ్బు తీసే ముందు చేయాల్సింది ఒకటే: ఆగిన క్షణంలో ఏది ఆగింది, ఏది ఇంకా నడుస్తోంది అని చూడటం.

ఆగిన తీరులోనే ఆధారం

పక్క ఆటగాళ్లు కదలడం మానేశారు, కానీ మీరు మౌస్ తిప్పితే కెమెరా తిరుగుతోంది. అయితే ఇది కంప్యూటర్ సమస్యే కాదు, నెట్ సమస్య. రెండు కమాండ్ విండోలు తెరిచి, ఒకదాంట్లో మీ రూటర్‌కి, రెండోదాంట్లో బయటి సర్వర్‌కి ఆగకుండా పింగ్ (జవాబు రావడానికి ఎంతసేపు పడుతోందో కొలిచే కమాండ్) పెట్టి ఆడండి. ఆగిన వేళ రూటర్ పింగే పెరిగితే వైఫై చూసుకోవాలి, లాన్ కేబుల్ వేస్తే సరిపోవచ్చు. రూటర్ పింగ్ బాగుండి బయటిదే పెరిగితే నెట్ కంపెనీకి ఫోన్ చేయాలి. ఈ ఒక్క పరీక్ష చేయక గ్రాఫిక్స్ కార్డు మార్చుకునేవాళ్లు చాలామందే ఉన్నారు.

బొమ్మ అర సెకను లోపు కొట్టుకుని మళ్లీ నడుస్తోంది, శబ్దం మాత్రం ఆగడం లేదు. ఇది అసలు ఫ్రీజ్ కాదు, స్టట్టర్. దీని కారణాలు ఎక్కువగా సాఫ్ట్‌వేర్‌లో, లేదంటే గ్రాఫిక్స్ మెమరీ చాలకపోవడంలో ఉంటాయి.

బొమ్మ కొన్ని సెకన్లు, ఒక్కోసారి అర నిమిషం దాకా నిలిచి, తర్వాత ఆగినచోటి నుంచి గబగబా నడిచింది. డిస్క్‌ని అనుమానించండి. ప్రాసెసర్ చచ్చిపోలేదు, ఎవరో ఇవ్వాల్సిన డేటా కోసం కాచుక్కూర్చుంది.

స్క్రీన్ నల్లబడి, రెండు మూడు సెకన్లలో తిరిగొచ్చి, గేమ్ మాత్రం మూసుకుపోయింది. గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్ అయిందన్నమాట. ఇచ్చిన పనికి కార్డు రెండు సెకన్ల లోపు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని చచ్చినట్టే లెక్కేసి డ్రైవర్‌ని మళ్లీ మొదలుపెడుతుంది. ఈ రెండు సెకన్ల గడువు విండోస్‌లో ముందే పెట్టి ఉన్నది. రిజిస్ట్రీలో దాన్ని పది సెకన్లకి పెంచమనే సలహా తరచుగా వినిపిస్తుంది. దానివల్ల నల్లస్క్రీన్ ఆలస్యంగా వస్తుందే తప్ప కార్డు ఎందుకు జవాబివ్వలేదన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇక అన్నిటికన్నా గట్టి రకం: బొమ్మ నిలిచిపోయింది, స్పీకర్లలోంచి ఒకే ముక్క "ర్ ర్ ర్" అని ఆపకుండా మోగుతోంది, మౌస్ కదలదు. ఆ మోత ఎందుకొస్తుందంటే, సౌండ్ చిప్ ఒక చిన్న మెమరీ ముక్కని చుట్టూ తిరుగుతూ చదువుతుంటుంది. అందులో కొత్త శబ్దం నింపాల్సిన బాధ్యత ప్రాసెసర్‌ది. నింపేవాడు ఆగిపోయాడు, చదివేవాడు మాత్రం పాత ముక్కనే చదువుతున్నాడు. అప్పుడు కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. లైటు వెలిగి ఆరుతుంటే విండోస్ లోపల ఇంకా ప్రాణం ఉంది. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ కలిపి నొక్కి గ్రాఫిక్స్ డ్రైవర్‌ని లేపి చూడొచ్చు. లైటు ఉలకదు పలకదు అంటే ఆట అయిపోయింది: ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు, పవర్ వీటిలో ఒకటి దోషి.

తనంతట తనే రీస్టార్ట్ అయితే, లేదా ఠక్కున ఆరిపోతే, వెతుకులాట పవర్ దగ్గర మొదలవుతుంది.

మెషీన్ రాసిపెట్టుకున్నది చదవడం

ఆగిన వెంటనే ఫోన్‌లో టైము రాసుకోండి. నిమిషంతో సహా. తర్వాత స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొట్టి రిలయబిలిటీ హిస్టరీ తెరిస్తే ఏ రోజు ఏది పడిపోయిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. ఇంకా లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్, అందులో విండోస్ లాగ్స్, సిస్టమ్.

ఇక్కడ అందరూ తడబడేది కెర్నల్ పవర్ 41 దగ్గర. దాన్ని చూడగానే "పవర్ అని రాసుంది, ఎస్‌ఎంపీఎస్ పోయింది" అనేస్తారు. మెషీన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆరిపోయిందని మాత్రమే ఆ నంబర్ చెబుతుంది. మీరే బటన్ నొక్కిపట్టి ఆపినా అదే వస్తుంది. చూడాల్సింది దానికి ముందు నిమిషాల్లో ఉన్న వరసలు. 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ రీసెట్. 129 గానీ 153 గానీ ఉంటే డిస్క్ జవాబివ్వడం ఆలస్యమైంది, మళ్లీ అడగాల్సి వచ్చింది. 7 ఉంటే డిస్క్‌లో చెడ్డ బ్లాకు. వీయా లాగర్ పేరుతో 18 వస్తే ప్రాసెసర్ తనే ప్రాణాంతకమైన లోపం చూశానని ఒప్పుకున్నట్టు. 19 అంటే లోపం వచ్చింది, సర్దుకుంది. 17 చాలావరకు పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో, అంటే గ్రాఫిక్స్ కార్డు స్లాట్, రైజర్ కేబుల్ (కార్డుని స్లాట్‌కి కలిపే పొడిగింపు తీగ), బోర్డుకి నేరుగా బిగించే ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వైపు చూపిస్తుంది. రైజర్ కేబుల్‌తో కార్డు నిలబెట్టి పెట్టుకున్నవాళ్లు 17 కనబడితే బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల్లో, ఆ స్లాట్ వేగాన్ని జెన్ 4 నుంచి జెన్ 3కి దించి చూడాలి.

ఏమీ లేకుండా ఒక్క 41 మాత్రమే ఉంటే అది కూడా సమాచారమే. రాసుకునే వ్యవధి కూడా లేకుండా మెషీన్ ఆగిందన్నమాట. అప్పుడు సాఫ్ట్‌వేర్‌ని పక్కన పెట్టి హార్డ్‌వేర్‌నే చూడటం మంచిది.

దీనితోపాటు సెన్సార్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ పెట్టుకుని, సెన్సార్ల విండోలో లాగింగ్ ఆన్ చేసి ఆడండి. ఆగాక ఆ ఫైలు తెరిచి చివరి ఇరవై వరసలు చూస్తే అంతకుముందు ఉష్ణోగ్రతలు, వోల్టేజీలు, మెమరీ ఎలా ఉన్నాయో కళ్లకు కడుతుంది.

ఒక్కటి మార్చాక ఎంతసేపు ఆడాలి? చాలామంది తప్పటడుగు ఇక్కడే. సగటున గంటకోసారి ఆగే మెషీన్, మీరేమీ మార్చకపోయినా, ఒక గంట ఆగకుండా నడిచే అవకాశం 37 శాతం ఉంటుంది. మూడు గంటలు ఆగకుండా నడిచే అవకాశం 5 శాతం. అందుకని ఎంతకోసారి ఆగుతోందో చూసుకుని, దానికి కనీసం మూడింతల సేపు శుభ్రంగా నడిస్తేనే ఆ మార్పు పనిచేసిందని నమ్మాలి. ఒకేసారి రెండు మార్పులు చేయకూడదు. డ్రైవర్, ర్యామ్ సెట్టింగ్ కలిపి మార్చి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో ఎప్పటికీ తెలియదు.

విశాఖ గాలి, వేడి, ఉప్పు

వేడి విషయంలో ఒక అపోహ ఉంది. ప్రాసెసర్ వేడెక్కితే ఆగిపోతుందని. నిజానికి ఇప్పటి ప్రాసెసర్లూ గ్రాఫిక్స్ చిప్పులూ వేడెక్కితే వేగం తగ్గించుకుంటాయి, అంటే ఎఫ్‌పీఎస్ పడిపోతుంది, అంతే. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారు చేశారు. వేడికి ఫ్రీజ్ అయ్యేది ఎక్కువగా సెన్సార్ సరిగా లేని, ఎవరూ చూడని చోట్ల: మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కి కరెంటు అందించే వీఆర్‌ఎం భాగం, గ్రాఫిక్స్ కార్డు మీది మెమరీ చిప్పులు, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఎస్‌ఎస్‌డీ మీద హీట్‌సింక్ బిగించేటప్పుడు థర్మల్ ప్యాడ్ మీది పల్చటి ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించేయడం తరచుగా కనిపించే పొరపాటు. ఆ పొర ఉంటే హీట్‌సింక్ ఉన్నా లేనట్టే.

ఫ్యాన్లు అదే వేగంతో తిరుగుతుంటే గది ఒక డిగ్రీ వేడెక్కినప్పుడు చిప్ కూడా దాదాపు ఒక డిగ్రీ వేడెక్కుతుంది. షాపులో 24 డిగ్రీల ఏసీలో 74 చూపించిన కార్డు, మే నెల ఉక్కపోతలో 34 డిగ్రీల గదిలో 84 దాకా పోతుంది. మధ్యాహ్నం ఆగుతూ, రాత్రి ఏసీ వేశాక ఆగకపోతే జవాబు సగం దొరికినట్టే. గ్రాఫిక్స్ చిప్ ఉష్ణోగ్రతకీ హాట్ స్పాట్ (చిప్‌లో అన్నిటికన్నా వేడి చోటు) అనే అంకెకీ మధ్య 10 నుంచి 15 డిగ్రీల తేడా మామూలే. 25, 30 దాటితే చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పూసే పేస్టు ఎండిపోయింది, లేదా హీట్‌సింక్ సరిగా కూర్చోలేదు. పరీక్ష కోసం ఒక సాయంత్రం క్యాబినెట్ పక్క తలుపు తీసి, టేబుల్ ఫ్యాన్ లోపలికి పెట్టి ఆడండి. ఆగడం మానేస్తే వేడే కారణం. కానీ తలుపు తీసి ఉంచడాన్ని శాశ్వత వైద్యంగా పెట్టుకోకండి, ఈ ఊళ్లో మరీనూ.

ఎందుకంటే ఉప్పు. బీచ్ రోడ్, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఇళ్లలో కిటికీ గ్రిల్స్‌కీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకీ తుప్పు ఎంత తొందరగా పడుతుందో అక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ గాలే క్యాబినెట్ ఫ్యాన్ గుండా లోపలికి పోతోంది. గాలిలో తేమ 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తనే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. విశాఖలో తేమ ఆ గీత దాటే రోజులు చాలా ఎక్కువ. అంటే బోర్డు మీద దుమ్ముతో కలిసి అంటుకున్న ఉప్పు పొర పొడిగా ఉన్నప్పుడు ఏమీ చేయదు, చెమ్మగా ఉన్న వేళ కరెంటుని అక్కడక్కడా పాకనిస్తుంది, లోహాన్ని తింటుంది. ఒకరోజు బాగుండి ఒకరోజు ఆగే రకానికి ఇంతకన్నా తగిన కారణం ఈ ఊళ్లో తక్కువ. పోర్టు దగ్గర వన్‌టౌన్, కాన్వెంట్ జంక్షన్ వైపు దీనికి నల్లటి బొగ్గు పొడి తోడవుతుంది. హీట్‌సింక్ రెక్కల మధ్య అది చేరితే గాలి దారే మూసుకుపోతుంది.

శుభ్రం చేసే పద్ధతి ఇది. షట్‌డౌన్ చేసి, గోడ స్విచ్ ఆపి, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టండి, మిగిలిన ఛార్జి పోతుంది. క్యాబినెట్ లోహాన్ని చేత్తో తాకి మీ ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. ర్యామ్ ఏ స్లాట్‌లో ఏది ఉందో ఫోటో తీసి, బయటికి తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలు పోగులు రాలని గుడ్డతో బంగారు రంగు అంచుని రెండు వైపులా తుడవండి. పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన షాపుల్లో ఇంకా ఉంది. దానితో మురికి పోయేమాట నిజమే. కానీ ఆ బంగారు పూత చాలా పల్చన, ప్రతిసారీ రబ్బరు దాన్ని కొంచెం గీకేస్తుంది, పొడి స్లాట్‌లో పడుతుంది. అందుకే మేము రబ్బరు వద్దంటాం. స్లాట్‌లోకి బ్లోయర్‌తో గాలి కొట్టండి. ఫ్యాన్లకి కొట్టేటప్పుడు రెక్క తిరగకుండా వేలితో పట్టుకోండి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ వద్దు, తలుపు కీళ్లకి కొట్టే స్ప్రే అసలే వద్దు. పది నిమిషాలు ఆరనిచ్చి, ర్యామ్ రెండు చివరలా టిక్‌మనేదాకా నొక్కండి. గ్రాఫిక్స్ కార్డు అంచుకీ ఇదే పద్ధతి.

ఏసీతో ఇంకో చిక్కుంది. వేసవిలో బయటి గాలి ఎంత చెమ్మగా ఉంటుందంటే, 25, 26 డిగ్రీల దగ్గర ఉన్న లోహం మీదే అది నీటిబొట్లుగా మారుతుంది. రాత్రంతా ఏసీ 22లో పెట్టి, పొద్దున్నే కిటికీలు బార్లా తెరిస్తే, ఆరిపోయి చల్లబడి ఉన్న క్యాబినెట్ లోపల చెమ్మ పట్టొచ్చు. వెంటనే స్విచ్ వేయకండి, ఒక అరగంట గది వేడికి రానివ్వండి. సంక్రాంతికి ఊరెళ్లి వారాల తరబడి వాడని మెషీన్ తిరిగొచ్చాక మొరాయించడానికి కూడా ఈ తేమే కారణం కావచ్చు. వారానికి ఓ గంట నడిపినా లోపలి వేడికి తడి ఆరుతూ ఉంటుంది.

కరెంటు దగ్గర ఏం తప్పుతుంది

గోడ నుంచి కరెంటు ఒక్క క్షణం పోతే ఎస్‌ఎంపీఎస్ తన కెపాసిటర్లలో దాచుకున్నదానితో నెట్టుకొస్తుంది. ఎంతసేపు? పూర్తి లోడ్ మీద దాదాపు 12 నుంచి 17 మిల్లీసెకన్లు. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక పూర్తి చక్రం 20 మిల్లీసెకన్లు. అంటే ఒక్క చక్రం గల్లంతైనా మెషీన్ తట్టుకోలేకపోవచ్చు, ఆ మాత్రానికి ట్యూబ్‌లైట్ రెప్ప కూడా వేయకపోవచ్చు. డెస్క్‌టాప్‌లో ఏమీ చేయనప్పుడు లోడ్ తక్కువ కాబట్టి ఆగదు, గేమ్‌లో ఆగుతుంది.

యూపీఎస్ ఉందిగా అంటారు. దాని మీద 600 వీఏ అని రాసుంటే అది ఇవ్వగలిగేది సాధారణంగా 360 వాట్లు. మానిటర్‌తో కలిపి 400 వాట్లు లాగే గేమింగ్ మెషీన్‌ని దానికి తగిలిస్తే, కరెంటు బాగున్నంతసేపూ బాగానే ఉంటుంది, బ్యాటరీకి మారిన మరుక్షణం ఓవర్‌లోడ్ అయి పడిపోతుంది. ఇలాంటి మెషీన్‌కి కనీసం 1000, 1100 వీఏ ఉండాలి. ఇంటి మొత్తానికి ఇన్వర్టర్ ఉంటే దాని వెనక స్విచ్ చూడండి: చాలావాటిలో యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని రెండుంటాయి. నార్మల్ మోడ్‌లో మారడానికి ఎక్కువ సమయం పడుతుంది, వోల్టేజీ బాగా పడిపోయినా అలాగే వదిలేస్తుంది. కంప్యూటర్ ఉన్న ఇంట్లో అది యూపీఎస్ మోడ్‌లోనే ఉండాలి.

ఆగిన టైములు రాసుకున్నారు కదా, వాటిని అపార్ట్‌మెంట్ బోరు మోటారు వేసే వేళతోనూ, ఇంట్లో ఏసీ కంప్రెసర్ అందుకునే క్షణంతోనూ పోల్చి చూడండి. కలిస్తే ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేసి, వేరే గదిలోని 16 ఆంపియర్ల సాకెట్ నుంచి నేరుగా ఇచ్చి ఆడండి. ప్లగ్ వదులై లోపల టిక్ టిక్ మంటున్న బాక్సు ఎన్నో మంచి ఎస్‌ఎంపీఎస్‌లకి చెడ్డపేరు తెచ్చింది.

క్యాబినెట్ తాకితే వేళ్లకి జిల్లుమంటోందా? ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపల నాయిస్ వడకట్టే చిన్న కెపాసిటర్లు కరెంటు తీగల నుంచి క్యాబినెట్ లోహానికి కలిపి ఉంటాయి. ఎర్త్ తీగ పనిచేస్తే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే క్యాబినెట్ మొత్తం సరఫరాలో సగం వోల్టేజీ దగ్గర తేలుతూ ఉంటుంది. యూఎస్‌బీ పరికరాలు ఊడి తగులుకోవడం, హెడ్‌సెట్‌లో గరగర, వీటికిది చాలాసార్లు మూలం. ఇది సొంతంగా చేసే పని కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ పిట్ దాకా చూపించండి.

లోపల కార్డు కేబుళ్ల లెక్క కూడా సరిచూసుకోవాలి. స్లాట్ నుంచి 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కనెక్టర్ నుంచి 150 వాట్లు, ఇదీ ప్రమాణం. ఒకే కేబుల్‌కి రెండు మూతులుంటే రెండూ ఒకే కార్డుకి పెట్టేయడం మామూలైపోయింది. పెద్ద కార్డుకి ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీయండి. కార్డులు క్షణకాలం తమ సగటుకి రెండు మూడు రెట్ల దాకా లాగొచ్చు. ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ప్రకారం తయారైన ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు లోడ్‌ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. పాతవాటికి ఆ నియమం లేదు. లాగ్‌లో 12 వోల్టుల అంకె 11.4 కన్నా కిందికి దిగకూడదు. సాఫ్ట్‌వేర్ చూపించే అంకె అంత కచ్చితం కాదు కాబట్టి అనుమానం వస్తే మల్టీమీటర్‌తో కొలిపించండి.

ర్యామ్, డిస్క్

శబ్దం చుట్టూ తిరిగే గట్టి ఫ్రీజ్‌లకి మొదటి అనుమానితుడు ర్యామ్. అందులోనూ చెడిపోయిన ర్యామ్ కన్నా, వేగం ఎక్కువైన ర్యామ్. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అని కనిపించే ర్యామ్ వేగం సెట్టింగులు ఒకరకంగా ఓవర్‌క్లాకింగే, అంటే ప్రమాణాన్ని మించిన వేగంతో నడపడమే. పెట్టె మీద 6000 అని రాసున్నంత మాత్రాన మీ ప్రాసెసర్, మీ బోర్డు కలిసి దాన్ని మోస్తాయన్న హామీ లేదు. ముందు దాన్ని ఆపేసి, పైన చెప్పిన మూడింతల లెక్కతో ఆడి చూడండి. ఆగడం మానేస్తే వేగాన్ని ఒక్కో మెట్టు దించి పెట్టండి: 3600ని 3200కి, 6000ని 5600కి. నాలుగు స్టిక్కులు వేసుకున్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రైజెన్ 7000కి రెండు డీడీఆర్5 స్టిక్కులతో ఏఎండీ చెప్పే వేగం 5200, నాలుగు పెడితే అది 3600 మాత్రమే. ఒకే కిట్ అని రెండుసార్లు కొన్న రెండేసి స్టిక్కులు కూడా లోపల వేరు చిప్పులతో రావొచ్చు.

రెండు స్టిక్కులే ఉంటే ప్రాసెసర్ పక్క నుంచి లెక్కపెట్టి రెండో, నాలుగో స్లాట్లలో ఉండాలి. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు పాస్‌లూ పూర్తిగా నడపండి, రాత్రి పెట్టి పడుకోవచ్చు. ఒక్క ఎర్రర్ వచ్చినా ఎక్కువే. వస్తే ఒక్కో స్టిక్‌ని ఒంటరిగా, అదే స్లాట్‌లో పెట్టి మళ్లీ నడిపితే దోషం స్టిక్‌దో స్లాట్‌దో తేలుతుంది. డీడీఆర్5 బోర్డుల్లో ర్యామ్ మార్చిన తర్వాత మొదటిసారి కొన్ని నిమిషాలు నల్లస్క్రీన్ ఉంటుంది. ర్యామ్‌కి తగ్గట్టు బోర్డు తనని సర్దుకుంటోంది, మధ్యలో ఆపకండి.

డిస్క్ వైపు అందరూ మర్చిపోయే కారణం ఒకటుంది. గేమ్ ఎస్‌ఎస్‌డీలో ఉంది, విండోస్ కూడా అందులోనే. పక్కన సినిమాలూ పాత ఫోటోలూ ఉన్న ఒక హార్డ్ డిస్క్ ఉంది. ఇరవై నిమిషాలు వాడకపోతే విండోస్ దాన్ని నిద్రపుచ్చుతుంది. ఆట మధ్యలో యాంటీవైరస్సో, గేమ్ లాంచరో, స్క్రీన్‌షాట్ ఫోల్డరో దాన్ని ఒక్కసారి తాకుతుంది. పళ్లెం మళ్లీ పూర్తి వేగం అందుకోవడానికి పట్టే ఆ కొన్ని సెకన్లూ ఆట కొయ్యబారిపోతుంది. చెవి పెడితే లోపల గర్రుమని లేచే శబ్దం వినిపిస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో హార్డ్ డిస్క్ ఆపే సమయాన్ని సున్నా చేస్తే పోతుంది.

డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో మూడు అంకెలు చూడండి: 05, సీ5, సీ7. మొదటి రెండూ పెరుగుతుంటే డిస్క్ పోతోంది, ఈ రోజే బ్యాకప్ తీసుకోండి. సీ7 ఒక్కటే పెరుగుతుంటే డిస్క్ మంచిదే, సాటా కేబుల్ చెడ్డది, కొత్త కేబుల్‌తో పోతుంది. ఎస్‌ఎస్‌డీ 90 శాతం దాటి నిండితే కూడా రాసేటప్పుడు ఆగుతుంది, చవక రకాలైతే మరీ.

తయారీలోనే ఉన్న లోపాలు

మీ చేతిలో లేని కారణాలు రెండు, వీటికి రికార్డుంది. విండోస్ 11 కోసం ఎఫ్‌టీపీఎం (విండోస్ అడిగే భద్రతా సదుపాయం) ఆన్ చేసిన కొన్ని రైజెన్ మెషీన్లలో అప్పుడప్పుడు బొమ్మ, మౌస్, శబ్దం కలిసి కొట్టుకునేవి. మదర్‌బోర్డు మీది చిన్న ఫ్లాష్ చిప్‌తో ఎఫ్‌టీపీఎం చేసే లావాదేవీలే కారణమని ఏఎండీ 2022 మార్చిలో ఒప్పుకుంది. అజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 ఆధారంగా వచ్చిన బయోస్‌తో సరిచేసింది. ఇప్పటికీ పాత బయోస్‌తోనే నడుస్తున్న ఏఎం4 (పాత రైజెన్‌ల సాకెట్) బోర్డులకి ఇది వర్తిస్తుంది.

రెండోది ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్నిటిది. అవసరాన్ని మించిన వోల్టేజీ వల్ల ప్రాసెసర్ లోపలి భాగం కాలక్రమంలో బలహీనపడుతుంది. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లు, అంటే బయోస్‌తో పాటు వచ్చే ప్రాసెసర్ సవరణలు, వచ్చాయి. దీని గుర్తు చాలా మోసకారిది: అన్‌రియల్ ఇంజిన్ గేములు మొదలయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలలేదని ఎర్రర్ ఇస్తాయి, చూస్తే కార్డులో మెమరీ సగం ఖాళీగా ఉంటుంది. కార్డుని తిట్టుకుంటాం, తప్పు ప్రాసెసర్‌ది. కొత్త బయోస్ నష్టాన్ని ఆపుతుంది, జరిగినదాన్ని వెనక్కి తీసుకురాదు. అలాంటి ప్రాసెసర్‌ని మార్పించుకోవాల్సిందే. ఈ జాబితాలోని పెట్టె ప్రాసెసర్లకి ఇంటెల్ వారంటీని రెండేళ్లు పొడిగించింది, మొత్తం ఐదేళ్లు.

బయోస్ అప్‌డేట్‌కి ముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆన్‌లో ఉంటే దాన్ని తాత్కాలికంగా ఆపి, రికవరీ కీ వేరేచోట రాసిపెట్టుకోండి. యూపీఎస్ లేకుండా, గాలివాన వేళ ఆ పని పెట్టుకోకండి.

సాఫ్ట్‌వేర్, మెమరీ

కొత్త గేమ్‌లో మొదటి గంటే కొట్టుకుని, అదే చోటికి రెండోసారి వెళ్తే కొట్టుకోకపోతే అది షేడర్లు (బొమ్మ గీయడానికి కార్డు వాడే చిన్న ప్రోగ్రాములు) తయారవడం. మెషీన్ తప్పు కాదు, వదిలేయండి. డ్రైవర్ మార్చాక మళ్లీ ఒకసారి వస్తుంది.

ఆడేకొద్దీ పెరుగుతూ పోయే స్టట్టర్ అయితే టాస్క్ మేనేజర్‌లో కార్డు మెమరీ చూడండి. డెడికేటెడ్ నిండి, షేర్డ్ పెరుగుతుంటే టెక్స్చర్లు కార్డులో పట్టక ర్యామ్‌లోకి పొంగుతున్నాయి. ఆర్‌టీఎక్స్ 4060లో కార్డు మీది మెమరీ సెకనుకి 272 గిగాబైట్ల వేగంతో పనిచేస్తుంది. స్లాట్ గుండా ర్యామ్‌కి ఉన్న దారి దాదాపు 16 గిగాబైట్లు. అందుకే ఆ కుదుపు. టెక్స్చర్ క్వాలిటీ ఒక్క మెట్టు దించితే చాలు, మిగతా సెట్టింగులు ముట్టుకోనక్కర్లేదు. పేజ్ ఫైల్‌ని (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) పూర్తిగా ఆపేయమనే సలహా పాటించి ఉంటే తిరిగి ఆన్ చేయండి.

డ్రైవర్ అనుమానం ఉంటే నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డ్రైవర్ తొలగించే ప్రోగ్రామ్‌తో పాతది పూర్తిగా తొలగించి, బాగా నడిచిన పాత వెర్షన్ వేయండి. కొత్తదే మంచిదని లేదు. ఆట మీద అంకెలో మెనూలో చూపించే ఓవర్‌లేలు, రంగు లైట్ల సాఫ్ట్‌వేర్, రికార్డింగ్ ప్రోగ్రాములు ఒక్కొక్కటిగా ఆపి చూడండి. శబ్దం కూడా చిటపటలాడుతుంటే లేటెన్సీమాన్ పది నిమిషాలు నడిపితే ఏ డ్రైవర్ అడ్డం పడుతోందో పేరుతో సహా చూపిస్తుంది. చాలాసార్లు అది వైఫై డ్రైవరో, సౌండ్ డ్రైవరో అవుతుంది.

ఇవన్నీ దాటాక కూడా కార్డో ప్రాసెసరో దోషి అని తేలితే, సర్వీస్ సెంటర్‌కి "ఆగిపోతోంది" అన్న ఒక్క మాటతో వెళ్లకండి. ఏ గేమ్, ఏ పరీక్ష, ఎన్ని నిమిషాలకి, గది ఎంత వేడిగా ఉన్నప్పుడు ఆగిందో కాగితం మీద రాసివ్వండి. ఈవెంట్ వ్యూయర్ ఫోటోలు, నమ్ లాక్ పరీక్షతో సహా ఫోన్‌లో తీసిన వీడియో, బిల్లు, సీరియల్ నంబర్ జోడించండి. వాళ్ల ఏసీ గదిలో ఆగదు కాబట్టి ఆ గది ఉష్ణోగ్రత గురించి ప్రత్యేకంగా రాయండి. మెషీన్ మొత్తం ఆటోలో తీసుకెళ్లాల్సి వస్తే బరువైన గ్రాఫిక్స్ కార్డుని ముందు స్లాట్ నుంచి తీసి, యాంటీస్టాటిక్ కవర్‌లో పెట్టి, దాని పెట్టెలోనే విడిగా పట్టుకెళ్లండి. కుదుపులకి స్లాట్ విరిగితే అది వారంటీలోకి రాదు.